ఉప్పు లేని రొట్టె

నాలుగు నెలలుగా నూకరత్నం రొట్టె చేస్తోంది గానీ తినడం లేదు.

పెదగంట్యాడ దాటాక నిర్వాసితుల కాలనీలో, రేకుల షెడ్డులో నడిచే చిన్న క్రైస్తవ సంఘం వాళ్లది. ప్రతి నెలా మొదటి ఆదివారం అక్కడ ప్రభువు బల్ల ఉంటుంది. బల్ల మీద తెల్లగుడ్డ, గుడ్డ కింద ఒకే ఒక్క రొట్టె. పాస్టరు అయ్యగారు ప్రార్థించి దాన్ని విరుస్తారు. సంఘపెద్ద సన్యాసిరాజు గారు పళ్లెం పట్టుకుని వరస వరసకీ వస్తారు, తలా ఓ ముక్క తుంచుకుంటారు. పళ్లెం నూకరత్నం దగ్గరకొచ్చేసరికి ఆవిడ తల వంచుకుని పక్కావిడ వేపు జరిపేస్తుంది. తన చేత్తో పిసికి తన చేత్తో కాల్చిన రొట్టె. పోనీ ఉపవాసమా అంటే అదీ కాదు.

ఎవరి మనసైనా నొప్పిస్తే, వాళ్లతో సమాధానపడేదాకా రొట్టె ముట్టకూడదని ఆ సంఘంలో ఓ కట్టుబాటు. అసలు చెప్పాలంటే చాలామంది దాన్ని పట్టించుకోరు. శనివారం కుళాయి దగ్గర బిందెలతో కొట్టుకున్నవాళ్లు ఆదివారం పక్కపక్కన కూర్చుని శుభ్రంగా తినేస్తారు. నూకరత్నానికి అలా కుదర్లేదు. తను నొప్పించింది ఎవరినో తెలుసు, ఎలా నొప్పించిందో తెలుసు. నారాయణమ్మ నోటితో "సర్లే అప్పా" అనాలి. అప్పటిదాకా ఆ ముక్క గొంతు దిగదు.

నారాయణమ్మ అనడం లేదు.

నూకరత్నం వయసు యాభై నాలుగు, కాగితాల్లో యాభై ఒకటి. గ్రామదేవత నూకాలమ్మ తల్లి పేరు పెట్టుకున్నారు ఇంట్లో పెద్దలు. ఇరవై రెండేళ్ల కిందట సముద్రంలో బాప్తిస్మం తీసుకున్న రోజున అప్పటి అయ్యగారు పేరు మారుద్దామన్నారు. "రేషన్ కార్డులో ఎవులు మారుత్తారు అయ్యగారూ? ఆపీసుల సుట్టూ నాను తిరగనేను," అంది తడిచీరతోనే. ఆయన నవ్వి ఊరుకున్నారు. మొగుడు నాగబాబు పోర్టు లారీల మీద డ్రైవరు, ఇంట్లో కంటే రోడ్డు మీదే ఎక్కువుంటాడు. స్టీలు ఫ్యాక్టరీ లోపల ఓ కాంట్రాక్టరు నడిపే క్యాంటీన్లో ఆవిడది పూరీల పని. ఏ షిఫ్టు. పొద్దున్న ఆరింటికి గేటు పాసు చూపించి లోపలికెళ్తే, టిఫిను వేళకి ఆరొందల పూరీలు లేవాలి. పిండి పిసికి పిసికి మణికట్లు వాచిపోయేవి, నిలబడి నిలబడి మోకాళ్లు పట్టేసేవి. ఇలాంటి మనిషి శనివారం ఇంటికొచ్చి మళ్లీ పిండి పిసకాలంటే ఎంత ఇష్టం ఉండాలి చెప్పండి. ఆవిడకి ఆ ఇష్టం ఉండేది. ఒంటరిగా చేసేది కాదు కాబట్టి ఉండేది.

నారాయణమ్మ ఈవిడకంటే ఏడేళ్లు చిన్న, అక్క అన్నట్టు అప్పా అనేది. అదే క్యాంటీను, అదే షిఫ్టు, బస్సులో ఒకే సీటు. ముందెక్కినావిడ పక్కన సంచీ పెట్టి రెండోవిడకి చోటు ఆపేది. సంఘానికి తీసుకొచ్చింది కూడా నూకరత్నమే. బల్లరొట్టె నారాయణమ్మ ఇంట్లోనే చేసేవారు, ఎందుకంటే మందపాటి ఇనప పెనం ఆవిడ దగ్గరే ఉంది. ఫ్యాక్టరీకి ఊళ్లు తీసుకోకముందు ఊళ్లో వాళ్ల అత్తగారు వాడిన పెనం అది. దాని మీద రొట్టె వేస్తే ఎక్కడా మాడదు, ఎక్కడా పచ్చిగా ఉండదు. నూకరత్నం పిసికేది, నారాయణమ్మ కాల్చేది. నెలనెలా ఒకటే తగువు.

"ఉప్పు నేకుండా ఏటప్పా ఇది? ప్రభువు ఉప్పు తిన్నేదేటి?"

"మొదటి అయ్యగారు ఎయ్యొద్దన్నారు. వద్దంటే వద్దే."

"ఆయనకి బీపీ ఏమో."

ఇలా పదిహేడేళ్లు నడిచింది.

రెండేళ్ల కిందట నారాయణమ్మ భర్త పోయాడు. హార్బర్లో కలాసీ పని చేసేవాడు, రెండు నెలలు మంచంలో ఉండి పోయాడు. ఆవిడ ఒక్క ఆదివారం కూడా మానలేదు. పాటలు పాడేది, రొట్టె కాల్చేది, అందరికీ వందనాలు చెప్పేది. ఎంత నిబ్బరం అని అందరూ మెచ్చుకున్నారు. మొన్న జనవరిలో ఓ రోజు షిఫ్టు దిగి వస్తుంటే, బస్సు కూర్మన్నపాలెం దగ్గర ట్రాఫిక్కులో ఆగింది. కిటికీ వేపు చూస్తూ నారాయణమ్మ అంది.

"అప్పా, నాకు ప్రార్థన రావట్నేదు. ఆయన పోనకాడ్నుంచీ రావట్నేదు. కళ్లు మూసుకుంతాను, అంతే. అవతల ఎవులూ నేనట్టుంటాది. నీకొక్కదానికే సెప్తన్నాను."

నూకరత్నం చెయ్యి పట్టుకుంది. ఇల్లు చేరేదాకా పట్టుకునే ఉంది. అక్కడితో ఊరుకుంటే ఈ కథ లేదు.

శుక్రవారం సాయంత్రం ఆడవాళ్ల ఉపవాస ప్రార్థన. ఆ రోజు నారాయణమ్మ తన కూతురు యశస్వినికి కాలేజీలో ఏదో పనుంటే తోడు వెళ్లి, కూటానికి రాలేదు. పాటలయ్యాక అయ్యగారి భార్య, అమ్మగారంటారు అందరూ, నోటుబుక్కు తీసి ఒక్కొక్కరినీ ప్రార్థన మనవులు చెప్పమంటారు. ఒకరికి నడుంనొప్పి, ఒకరికి కొడుకు ఉద్యోగం, ఒకరికి పట్టా కాగితాలు. ఈ మనవి అన్నది ఎంత మంచిదో అంత ప్రమాదం. కుళాయి దగ్గర చెబితే చాడీ అంటారు, కళ్లు మూసుకుని చెబితే మనవి అంటారు. నూకరత్నం చాడీ చెప్పే మనిషి కాదు, అది ఎవర్నడిగినా చెబుతారు. ఆ వారమంతా ఆవిడకి నిద్ర పట్టలేదు. నా ఒక్కదాని ప్రార్థన చాలదు, ఇంతమంది అడిగితే దేవుడు ఆలకించడా అనుకుంది. లేచి నిలబడి ఏడుస్తూ చెప్పేసింది.

"మా నారాయణమ్మ కోసం ప్రార్థన సెయ్యండి. దానికి ప్రార్థన రావట్నేదంట. అవతల ఎవులూ నేనట్టుంటాదంట."

అమ్మగారు నోటుబుక్కులో రాసుకున్నారు.

ఆదివారం నారాయణమ్మ చెప్పులు విప్పి లోపలికి రాగానే ఆడవాళ్లంతా చుట్టుముట్టారు. విశ్వాసం పోగొట్టుకోకమ్మా అని ఒకరు, మా ఆడపడుచుకీ ఇలాగే అయింది అని ఒకరు, తల మీద చేతులు, భుజాల మీద చేతులు. అయ్యగారు ఆ రోజు వాక్యం కూడా సందేహించేవాళ్ల మీదే చెప్పారు. చెబుతూ చెబుతూ ఆవిడ వేపు ఎన్నిసార్లు చూశారో నూకరత్నం లెక్కపెట్టలేదు గానీ, చూసిన ప్రతిసారీ తను తల దించుకుంది. నారాయణమ్మ మాత్రం నూకరత్నాన్ని ఒక్కసారే చూసింది. కోపంగా కూడా కాదు, ఎవరో తెలీని మనిషిని చూసినట్టు చూసింది. ఆరాధన అయ్యాక చెప్పులు వేసుకుని వెళ్లిపోయింది. మర్నాడు సూపర్‌వైజరుని అడిగి బి షిఫ్టుకి మారిపోయింది, సంఘానికి రావడమూ మానేసింది.

నూకరత్నం ఆవిడ ఇంటికి వెళ్లింది. ఒకసారి కాదు, నారాయణమ్మకి ఆఫు ఉండే శనివారాలు చూసుకుని నాలుగు నెలల్లో పదిసార్లు వెళ్లుంటుంది. సగంసార్లు యశస్విని తలుపు తీసి, "అమ్మ తొంగుంది ఆంటీ," అనేది. మిగతా సగం నారాయణమ్మే గుమ్మంలో నిలబడి, "వందనాలు సిస్టర్," అనేది. పదిహేడేళ్లు అప్పా అని పిలిచిన నోరు సిస్టర్ అంటే ఎలా ఉంటుంది. తిట్టినా బావుండేది. "తప్పయిపోనాదే," అంటే, "పర్నేదు సిస్టర్, ప్రార్థనే కదా అడిగినారు," అనేది. నూకరత్నం తిరిగొచ్చేసేది.

అలా తిరిగి తిరిగి అలిసిపోయింది. పొద్దున్న పూరీలు, మధ్యాహ్నం ఎండలో నడక, సాయంత్రం ఇంటి పని. అన్నిటికంటే అలసట ఏంటంటే, ఎప్పుడు మొదలైందో తెలీదు, ఆవిడకీ ప్రార్థన ఆగిపోయింది. మోకాళ్లేసి కూర్చుంటే మోకాళ్లే గుర్తొచ్చేవి. కళ్లు మూస్తే రేపటి పిండి గుర్తొచ్చేది. దేవా అన్నాక తర్వాతి మాట దొరికేది కాదు. అలాగే మంచం పట్టె మీద తల ఆన్చి నిద్రపోయేది. ఎవరికి చెప్పుకుంటుంది? చెప్పుకోడానికున్న ఒక్క మనిషీ బి షిఫ్టులో ఉంది.

రొట్టె కూడా పాడైంది. ఇంట్లో పెనం పల్చనిది, ఓ పక్క మాడిపోయేది. మే నెలలో సన్యాసిరాజు గారు ఆపి అడిగారు. ఆయన క్రేన్ నడిపి రిటైరైన మనిషి, ఏదైనా సూటిగా అడుగుతారు.

"నూకరత్నమ్మా, రొట్టి ఓ పక్క మాడతందేటి? నువ్వు ముట్టుకోవట్నేదేటి?"

"మోకాళ్ల నొప్పులు బాబూ," అంది నూకరత్నం. ఆ జవాబు రెండింట్లో దేనికో ఆయనకి అర్థం కాలేదు. ఆవిడకీ కాలేదు.

జూన్ వచ్చింది. ఎండ తగ్గలేదు, ఉక్క పెరిగింది. మొదటి శుక్రవారం ఉపవాస ప్రార్థనకి షిఫ్టు దిగి సరాసరి వచ్చి గోడకి ఆనుకుని కూర్చుంది. తినకపోవడం వల్ల కళ్లు తిరుగుతున్నాయి. అమ్మగారు నోటుబుక్కుతో ఈవిడ దాకా వచ్చారు.

"నూకరత్నం సిస్టర్, మీ మనవి?"

మోకాళ్ల నొప్పులు అందామనే నోరు తెరిచింది. ఎప్పుడూ అదే చెబుతుంది, అమ్మగారు అదే రాసుకుంటారు. నోట్లోంచి వేరేది వచ్చింది.

"నాకు ప్రార్థన రావట్నేదు అమ్మగారూ. నాలుగు నెల్లైపోనాది. రొట్టి సేత్తన్నాను, ఇక్కడికొత్తన్నాను, కళ్లు మూసుకుంతన్నాను. లోపలేటీ నేదు."

రొట్టె చేసే మనిషే ఇలా అంటే ఇంకేముంది. తర్వాత అందరూ ఒక్కసారే లేచారు. తల మీద ఓ చెయ్యి పడింది, దాని మీద ఇంకోటి, భుజం మీద రెండు, వీపు మీద ఎన్నో. కొబ్బరినూనె వాసన, చెమట వాసన. ఒకావిడ చెవి దగ్గర గట్టిగా ప్రార్థిస్తోంది. ఇంకొకావిడ మధ్యలో ఆపి, ఎక్కడో పాపం దాగుంటే ఒప్పుకోమని చెబుతోంది. అందరూ ప్రేమతోనే, అందులో అనుమానం లేదు. కానీ ఆ చేతుల బరువుకి నూకరత్నం మెడ వంగిపోయింది. ఊపిరాడలేదు. నారాయణమ్మకి నేను చేయించింది ఇదేనా అనుకుంది. నాలుగు నెలలుగా క్షమించమని తిరిగింది గానీ, దేనికి క్షమించమంటోందో ఆవిడకి అప్పుడు తెలిసింది. సిగ్గుతో ఏడ్చింది. ఆత్మ కదిలించిందని వాళ్లంతా సంతోషించారు.

మర్నాడు శనివారం. నారాయణమ్మకి వారం ఆఫు. నూకరత్నం షిఫ్టు దిగి, స్టీలు డబ్బాలో మైదా పోసుకుని, మూడింటి ఎండలో ఆవిడ గుమ్మం ముందు నిలబడింది.

"వందనాలు సిస్టర్," అంది నారాయణమ్మ.

తిరిగి వందనాలు చెప్పే ఓపిక లేదు నూకరత్నానికి. "పెనం ఇయ్యే. మా ఇంట్లోది మాడిపోతంది. అయిపోగానే తెచ్చిచ్చెత్తాను."

నారాయణమ్మ ఆవిడ వాచిన మణికట్ల వేపు చూసింది. "అంత బరువు ఎండలో ఏటి మోత్తావు?"

"మోత్తాను."

"ముందు కూకో."

లోపల గోడకి ఆనుకుని కూలబడింది నూకరత్నం. నారాయణమ్మ చెంబుతో నీళ్లు తెచ్చి పక్కన పెట్టింది. యశస్విని ఇంట్లో లేనట్టుంది.

"నిన్న నీకూ సేతులేసినారంట," అంది నారాయణమ్మ.

"ఎవులు సెప్పినారు?"

"ఎవులు సెప్పనేదని అడుగు. నలుగురు ఫోన్లు సేసినారు, నీకోసం ప్రార్థన సెయ్యమని. నన్ను." ఆగి, మళ్లీ అంది. "ఎంతమందేసినారు?"

"పదకొండు మంది ఉంతారు."

"నాకు తొమ్మిదే."

నూకరత్నానికి నవ్వొచ్చింది. నవ్వబోతే ఏడుపొచ్చింది. రెండూ మింగింది. "బరువుగా ఉన్నాయే," అంది. "నీమీద ఏయించినప్పుడు నాకు తెల్నేదు."

నారాయణమ్మ చాలాసేపు ఆవిడ మొహంలోకి చూసింది. "ఒకటి అడుగుతాను, నిజం సెప్పు. నీకు నిజంగానే రావట్నేదా? నాకోసం అన్నావా?"

"నీకోసం అనడానికి కూడా ఓపికుండాలి కదే. నాకది కూడా నేదు. నోట్లోంచి వచ్చీసినాది."

"క్షమించమని అడగడానికి వచ్చినావా?"

"నేదు. పెనం కోసమే వచ్చినాను. అడిగి అడిగి అలిసిపోనాను."

నారాయణమ్మ ఫ్యాను ఇటు తిప్పి పెట్టింది. ఆ గాలి మొహానికి తగలగానే నూకరత్నం రెప్పలు బరువెక్కాయి. పొయ్యి దగ్గర డబ్బా మూత తీసిన చప్పుడు వినపడింది. లేవాలి, పిండి పిసకడం నా పని కదా అనుకుంది. అనుకుంటూనే గోడకి తల ఆన్చి నిద్రపోయింది. నాలుగు నెలల్లో అంత నిద్ర ఎప్పుడూ పట్టలేదు.

కళ్లు తెరిచేసరికి పొద్దు వాలింది. ఒంటి మీద దుప్పటి లేదు గానీ తల కింద దిండు ఉంది. ఇల్లంతా కాలిన రొట్టె వాసన, ఆ ఇనప పెనం వాసన. తెల్లగుడ్డలో చుట్టిన రొట్టె పీట మీద ఉంది.

"లెగిసినావా అప్పా," అంది నారాయణమ్మ, వేళ్లకంటిన పిండి గిల్లుకుంటూ.

అప్పా అంది. నూకరత్నం విన్నది. విననట్టే ఊరుకుంది, మళ్లీ పోతుందేమోనని భయం.

"రేపు తిను."

"నువ్వొత్తావా?"

"రాను. కోపం పోనాదా అంటే పోనేదు. తగ్గినాది. రమ్మని అడక్కు, ఎప్పుడొత్తానో నాకే తెల్దు." గుడ్డ మూట చేతిలో పెట్టి, వదలకుండా ఓ క్షణం పట్టుకుంది. "ఇది నాను సేసినానని ఎవులికీ సెప్పకు. మనవిలో కూడా సెప్పకు."

"సెప్పను," అంది నూకరత్నం.

ఆదివారం షెడ్డు నిండిపోయింది. బల్లకి ముందు అమ్మగారు లేచి, వెళ్లిపోయినవాళ్ల కోసం ప్రార్థిద్దాం అన్నారు. "నూకరత్నం సిస్టర్, నారాయణమ్మ సిస్టర్ ఇంటికి మీరు వెళ్తున్నారంట కదా. ఆమె ఎలా ఉన్నారు? ఆమె ఆత్మీయ స్థితి ఏంటి? చెప్తే అందరం భారంతో ప్రార్థిస్తాం."

అన్ని తలలూ ఇటు తిరిగాయి. ప్రేమగానే తిరిగాయి. నూకరత్నం బెంచీ పట్టుకుని లేచింది. చెప్పడానికి చాలా ఉంది. ఫ్యాను తిప్పిందని ఉంది, దిండు పెట్టిందని ఉంది, అప్పా అందని ఉంది. అవి చెబితే వాళ్లు ఎంత సంతోషిస్తారో కూడా తెలుసు.

"బాగున్నాది అమ్మగారూ," అంది.

"అంతేనా?"

"అంతే."

కూర్చుంది. అమ్మగారు నోటుబుక్కు మూసేశారు, కొంచెం నిరాశగా.

అయ్యగారు రొట్టె విరిచారు. ఈసారి ఎక్కడా మాడలేదు, గుండ్రంగా బంగారు రంగులో ఉంది. సన్యాసిరాజు గారు పళ్లెం పట్టుకుని వచ్చారు. నూకరత్నం ముందు అలవాటుగా ఆగకుండా దాటబోయారు. ఆవిడ చెయ్యి చాపింది. ఆయన కంగారుగా వెనక్కొచ్చి పళ్లెం దించారు. ఆవిడ చిన్న ముక్క తుంచుకుని నోట్లో పెట్టుకుంది.

ఉప్పుంది.

ఎక్కువేం కాదు, ఓ చిటికెడు. పదిహేడేళ్లు నెలనెలా తగువాడి ఓడిపోయిన ఉప్పు. తను నిద్రపోతుంటే వేసేసింది. నూకరత్నం నమలడం ఆపేసింది. చుట్టూ చూసింది. అమ్మగారు తింటున్నారు, చేతులు వేసిన పదకొండు మందీ తింటున్నారు, ఫోన్లు చేసిన నలుగురూ తింటున్నారు. కళ్లు మూసుకుని అందరూ నారాయణమ్మ చేతి రొట్టె తింటున్నారు.

సన్యాసిరాజు గారు చివరి ముక్క తను తిని, నాలుకతో ఓసారి రుచి చూసుకుని, వంగి నెమ్మదిగా అడిగారు.

"ఉప్పేసినావేటి నూకరత్నమ్మా?"

"పొరపాటైపోనాది బాబూ," అంది నూకరత్నం.

ఆయన సరేనని తలూపి బల్ల వేపు వెళ్లిపోయారు. ఆవిడ కళ్లు మూసుకుంది. ప్రార్థన ఆ రోజూ రాలేదు. ముక్క మాత్రం గొంతు దిగింది.